మా అబ్బా సంతకం

1974. నేను మూడో తరగతి. నల్లగొండ జిల్లాలో ఒక ఊరి సర్కారు బడి. మూడు నెలల పరీక్షల మార్కుల కార్డు మీద ఇంట్లో సంతకం పెట్టించుకొని రమ్మన్నారు. అబ్బా కుట్టుమిషను ఆపి, నా పెన్సిలు తీసుకొని, కుడి నుంచి ఎడమకు తన పేరు రాశాడు, ఉర్దూలో. మర్నాడు పంతులు ఆ కార్డును తరగతికంతా ఎత్తి చూపించాడు. "ఇదేం సంతకంరా, కోడి గీరినట్టున్నది! మీ ఇంట్ల చదువొచ్చినోళ్లు ఎవ్వరూ లేరా?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

ఆరు నెలల పరీక్షల కార్డు మీద అబ్బా సంతకం పెట్టలేదు. బొటనవేలికి సిరా రాసుకొని ఒత్తాడు. "ఉన్‌కు యెహీచ్ సమజ్‌మే ఆతా బేటా" అన్నాడు. వాళ్లకు ఇదే అర్థమవుతుంది అని.

చదువొచ్చిన మనిషి వేలిముద్ర వేశాడు. అట్లా ఎందుకు వేయాల్సి వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

ముందు ఆ రోజుల హోంవర్కు సంగతి. రోజూ ఒక పేజీ చూచిరాత, ఎక్కాలు, పాఠం కింది ప్రశ్నలకు జవాబులు. రాయకపోతే గోడకుర్చీ. కరణంగారి పిల్లవాడు రాయకపోతే పంతులు "ఒంట్లో బాగలేదా?" అని అడిగేవాడు. నేను రాయకపోతే "తురకోళ్ల ఇండ్లల్ల అంతే, చదువు పట్టదు" అనేవాడు. మాదిగ గూడెం పిల్లవాడు రాయకపోతే ఆ మాత్రం మాట కూడా ఉండేది కాదు, బెత్తమే. తప్పు ముగ్గురిదీ ఒకటే. కరణంగారి పిల్లవాడి తప్పు వాడొక్కడిది. మా తప్పు మా ఇంటిది, మా కులానిది, మా మతానిది. జాతి ముద్ర అంటే ఇదే. ఒక పిల్లవాడి ఖాళీ పేజీని చూసి వాడి వెనకున్న జనం మొత్తాన్ని చదివేసినట్టు అనుకోవడం.

నిజానికి మా ఇంట్లో ఏం జరిగేది? ముస్లిం ఇళ్లల్లో పిల్లలకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించే ఆచారం ఉంది. కొత్త బట్టలు తొడిగి, మౌల్వీసాబ్ ముందు కూర్చోబెట్టి, మొదటి అక్షరాలు పలికిస్తారు. అప్పుచేసైనా మిఠాయి పంచుతారు. నాకూ చేశారు. బడి విడిచాక మసీదుకు పోయి సబఖ్ చెప్పించుకునేవాణ్ణి. రాత్రి అది అప్పజెప్పాలి. అమ్మీ రొట్టెల పిండి పిసుకుతూ వినేది. ఆమెకు తెలుగు అక్షరం రాదు, ఉర్దూ రాయడం రాదు. ఖురాను నాజిరా చదివింది కాబట్టి నేను ఒక్క జేర్, ఒక్క జబర్ తప్పినా పట్టుకునేది. పిండి చేతితోనే నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. ఇక బడి హోంవర్కు చేయించింది మా ఆపా. ఆమె ఐదో తరగతి వరకు తెలుగులో చదివింది. కందిలి ముందు కూర్చొని నాకు గుణింతాలు దిద్దించింది ఆమే.

అంటే మా ఇంట్లో రోజూ రెండు ఇంటిపనులు నడిచేవి. బడికి అందులో ఒక్కటీ కనపడలేదు.

ఇప్పుడు అబ్బా సంతకం దగ్గరికి వస్తాను. హైదరాబాద్ సంస్థానంలో 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వచ్చింది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగ్ దాకా బోధించిన విశ్వవిద్యాలయం అది. ఆ గొప్ప చెప్పుకునేటప్పుడు రెండో సంగతి దాచకూడదు. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. వాళ్ల పిల్లలు ఇంట్లో లేని భాషలో చదవాల్సి వచ్చింది. బడిలో చెప్పిన పాఠం ఇంటికొచ్చి అమ్మకు చెప్పుకుందామంటే అమ్మకు ఆ భాష రాదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరన్న నిందకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికతో, 354 మంది కవులతో జవాబిచ్చారు. లేరన్న చోట లెక్కపెట్టి చూపించారు. కాబట్టి తెలంగాణ తెలుగు పాఠకుడికి ఈ బాధ కొత్తది కాదు. ఇంటిభాషను గేలిచేస్తే మనిషికి ఎట్లా ఉంటుందో తాత ముత్తాతల నుంచి తెలుసు.

ఉర్దూ రాజభాష అయినంత మాత్రాన బీద ముస్లింకు ఒరిగింది కూడా పెద్దగా లేదు. జాగీర్దార్ల పిల్లలకు, ఉన్నతోద్యోగుల పిల్లలకు ఆ చదువు దక్కింది. దూది ఏకేవాళ్లకు, గాజులమ్మేవాళ్లకు, ఫకీర్లకు, కసాబులకు రాజు మతం కడుపు నింపలేదు, పలక కొనిపెట్టలేదు. మా అబ్బాకు దక్కింది ఊరి దగ్గరి బడిలో నాలుగో తరగతి. అదీ పూర్తి కాలేదు.

1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో పోలీసు చర్య ముగిసింది. ఆ తర్వాత జరిగింది ఐదు రోజుల్లో ముగియలేదు. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దుర్మార్గానికి, వాళ్లతో ఏ సంబంధం లేని సాయిబులు మూల్యం చెల్లించారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం సంస్థానంలో తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ హత్యలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగాయి. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. అబ్బాకు అప్పుడు పదేళ్లు. వాళ్ల నాన్న పిల్లల్ని తీసుకొని పొరుగూరి బంధువుల ఇంట్లో తలదాచుకున్నాడు. తిరిగొచ్చాక అబ్బా బడికి పోలేదు, దర్జీ దగ్గర కూర్చున్నాడు.

తర్వాత ఉస్మానియా ఉర్దూ మాధ్యమాన్ని వదిలి ఇంగ్లీషుకు మళ్లింది. కచేరీల భాష క్రమంగా మారింది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ పాలనలో, న్యాయస్థానాల్లో ఉర్దూ స్థానం ఐదేళ్ల పాటు కొనసాగుతుందని రాసుకున్నారు. ఐదేళ్లు గడిచాయి. తెలుగు ప్రజల రాష్ట్రంలో తెలుగు రావడం న్యాయమే, దాని మీద నాకు పేచీ లేదు. అయితే ఆ మార్పులో ఒక తరం ముస్లిం తండ్రులు ఉన్నచోటనే నిరక్షరాస్యులయ్యారు. నిన్నటిదాకా ఉత్తరం చదివి పెట్టమని నలుగురూ వచ్చిన మనిషి, కొడుకు వాచకం తలకిందులుగా పట్టుకున్నా తెలియనివాడయ్యాడు. ఈ మార్పును బడి ఎన్నడూ గుర్తించలేదు. వాళ్లకు శ్రద్ధ లేదని రాసుకుంది.

రాజ్యాంగంలో దీనికి మందు లేదా అంటే, ఉంది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయమంటుంది. అంతకుముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క ఖాయం చేసింది. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో పదిమంది ఆ భాష పిల్లలుంటే ఒక టీచరును పెట్టాలి. పట్నాల్లో, ముస్లిం బస్తీల్లో ఇది కొంత పనికొచ్చింది. పల్లెలో సాయిబుల ఇళ్లు పదో పన్నెండో ఉంటాయి. మూడో తరగతిలో పదిమంది ముస్లిం పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారు? మా తరగతిలో నేనూ, కసాబ్ ఇంటి పిల్లవాడూ ఇద్దరమే. ఆ లెక్క మమ్మల్ని అందుకోలేదు.

భాష ఒక్కటే కారణమని కూడా అనను. కోస్తాలో, రాయలసీమలో దూదేకుల ఇళ్లల్లో ఇంటిభాష తెలుగే. అమ్మ జోలపాట తెలుగు, తిట్టు తెలుగు. అయినా "సాయిబుల పిల్లలకు చదువెక్కడిది" అన్న మాట వాళ్లనూ వదల్లేదు. అంటే ఈ నింద ఇంట్లో ఏముందో చూసి పుట్టింది కాదు. ముందే ఉంది. ఎప్పటి నుంచి?

నాకు తెలిసినంతలో దాన్ని పుస్తకానికెక్కించిన వాళ్లలో పెద్ద పేరు డబ్ల్యూ.డబ్ల్యూ. హంటర్. 1871లో 'ది ఇండియన్ ముసల్మాన్స్' రాశాడు. ముస్లింలు రాణి మీద తిరగబడటానికి మతం చేత కట్టుబడి ఉన్నారా అన్నది ఆ పుస్తకం వేసుకున్న ప్రశ్న. అంటే మన చదువు గురించిన ఆందోళన మొదలైందే పోలీసు అనుమానంతో. హంటర్ తాను రాస్తున్నది దిగువ బెంగాల్ గురించేనని చెప్పాడు. సర్కారు బడి పరాయి భాషలో, పరాయి పంతుళ్లతో నడుస్తున్నదని కూడా గమనించాడు. తప్పు ఆ బడి పద్ధతిదేనని కూడా రాశాడు. తర్వాత చదివినవాళ్లు బెంగాల్‌ను మర్చిపోయారు, బడి లోపాన్ని మర్చిపోయారు. "ముస్లింలు చదువుకు దూరం" అన్న ముక్క మాత్రం దేశమంతా తిరిగింది.

విచిత్రం ఏమిటంటే, పదకొండేళ్ల తర్వాత 1882లో అదే హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ కూర్చుంది. వాయవ్య రాష్ట్రాల్లో, మద్రాసు రాజధానిలో ముస్లిం పిల్లలు జనాభాలో తమ వాటాకు తగ్గకుండా బళ్లల్లో ఉన్నట్టు ఆ కమిషన్ లెక్కలే చూపించాయి. మద్రాసు రాజధాని అంటే అందులో సర్కారు జిల్లాలూ ఉన్నాయి, కడప, కర్నూలు, అనంతపురమూ ఉన్నాయి. పై చదువులకు పోయేసరికి సంఖ్య పడిపోయింది. చిన్న తరగతుల్లో పంపినవాళ్లు పెద్ద తరగతుల్లో ఎందుకు పంపలేదు అని అడగాల్సింది. అట్లా అడిగితే ఫీజు గురించి, భాష గురించి, ఉద్యోగం గురించి మాట్లాడాలి. ఆ బెడద లేకుండా శ్రద్ధ లేదని అనేస్తే సరిపోయింది.

ఈ నింద మనమీద మాత్రమే పడలేదు. బడి పుస్తకాన్నీ, ఇంటినీ, జాతినీ కలిపి ముడివేసిన కథ అమెరికా నల్లవాళ్లది మనకంటే పాతది. మన కవులు, కథకులు తొంభైలలో అస్తిత్వం గురించి రాస్తూ నల్లవాళ్ల సాహిత్యం వైపు చూసింది ఊరికే కాదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడమే నేరం. 1831లో నాట్ టర్నర్ తిరుగుబాటు తర్వాత ఆ చట్టాలు ఇంకా బిగిశాయి. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథలో ఒక సంగతి ఉంది. బాల్టిమోర్‌లో యజమాని కొడుకు బడిలో రాసి ఇంటికి తెచ్చిన పాత కాపీ పుస్తకాలు ఉండేవి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పుస్తకాల్లో వరుసల మధ్య మిగిలిన ఖాళీల్లో, ఆ పిల్లవాడి రాతను చూసి తాను రాసుకుంటూ డగ్లస్ రాయడం నేర్చుకున్నాడు. తెల్లపిల్లవాడి హోంవర్కు పుస్తకంలో మిగిలిన జాగాయే నల్లపిల్లవాడి బడి.

బానిసత్వం పోయాక ఆ జనం ఏం చేశారు? 1912 నుంచి 1932 వరకు జూలియస్ రోజెన్వాల్డ్ అనే వ్యాపారి సాయంతో దక్షిణాదిలో పదిహేను రాష్ట్రాల్లో దాదాపు 5,000 నల్లపిల్లల బళ్లు లేచాయి. ఆ ధనికుడి నిధి ఇచ్చిన డబ్బుకంటే, కౌలుకు పత్తి పండించే ఆ నల్లకుటుంబాలు చందాలు వేసుకొని ఇచ్చిన డబ్బే ఎక్కువ. సర్కారుకు పన్ను కట్టి, ఆ పన్ను తెల్లపిల్లల బళ్లకు పోతుంటే చూసి, మళ్లీ తమ పిల్లల కోసం జేబులోంచి తీసి ఇచ్చారు. జాగా ఇచ్చారు, కట్టె మోశారు. అట్లాంటి జనాన్ని గురించి 1965లో మొయినిహాన్ నివేదిక నల్లవాళ్ల కుటుంబమే రోగగ్రస్తమైనదని రాసింది. బానిసత్వాన్నీ నిరుద్యోగాన్నీ ఆ నివేదిక చెప్పకపోలేదు. జనం నోట మిగిలింది మాత్రం కుటుంబానిదే తప్పన్న మాట. హంటర్ పుస్తకానికి పట్టిన గతే.

హోంవర్కు సంగతి చూడండి. 1901లో కాలిఫోర్నియా పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఇంటిచదువును చట్టం చేసి ఆపింది. బాగా బతికే ఇళ్ల తల్లిదండ్రులు పిల్లలకు ఆటా గాలీ కావాలన్నారు. 1957లో రష్యా స్పుత్నిక్ ఎగరేయగానే హోంవర్కు మళ్లీ దేశభక్తి అయింది. 1994 నాటి విద్యాచట్టం బీద పిల్లలున్న బళ్లు తల్లిదండ్రులతో ఒప్పంద పత్రం రాసుకోవాలన్నది. పిల్లల హోంవర్కును కనిపెట్టి చూడటం ఆ ఇంటి బాధ్యతల్లో ఒకటిగా రాసింది. రాత్రి షిఫ్టులో ఆసుపత్రి గచ్చు తుడిచే తల్లి ఆ పత్రం మీద సంతకం పెట్టాలి.

హారిస్ కూపర్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే, చిన్న తరగతుల్లో హోంవర్కుకూ మార్కులకూ సంబంధం చాలా బలహీనమని తేలింది. కీత్ రాబిన్సన్, ఏంజెల్ హారిస్ 2014లో 'ది బ్రోకెన్ కంపాస్' అనే పుస్తకం వేశారు. తల్లిదండ్రులు కూర్చొని హోంవర్కు చేయించడం వల్ల మార్కులు పెరుగుతాయన్న నమ్మకం లెక్కల్లో నిలబడలేదు. నల్లవాళ్ల ఇళ్లల్లో చదువంటే విలువ లేదన్నదీ నిలబడలేదు. ఆనెట్ లారో, ఎరిన్ హోర్వాట్ 1999లో మరో సంగతి రాశారు. బడిలో జాతి వివక్ష ఉందని గట్టిగా అడిగిన నల్లతండ్రిని టీచర్లు సహకరించని తండ్రిగా చూశారు. రాకపోతే శ్రద్ధ లేదు, వచ్చి అడిగితే పొగరు. మా అబ్బా ఆ రోజు బడికి వచ్చి "అది ఉర్దూ సాబ్" అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇదే అమెరికాలో మన తెలుగువాళ్లకు తిరగేసిన ముద్ర దొరికింది. ఆసియావాళ్ల పిల్లలంటే లెక్కల్లో దిట్టలు, తల్లిదండ్రులు దగ్గర కూర్చొని చదివిస్తారు అని అక్కడి నమ్మకం. 1965 వలస చట్టం తర్వాత అక్కడికి పోగలిగినవాళ్లు ఎవరు? ఎక్కువగా డిగ్రీలున్నవాళ్లు. డాక్టరు కొడుకు హోంవర్కు చేసుకొస్తే అది తెలుగు రక్తం గొప్పతనం అనుకోవడం ఎంత తప్పో, దర్జీ కొడుకు చేయకపోతే తురక రక్తం అనుకోవడం అంతే తప్పు. పొగిడే ముద్ర తియ్యగా ఉంటుంది కాబట్టి మనం దాన్ని తప్పనం. హైదరాబాద్ నుంచి షికాగో పోయిన ముస్లిం ఇంజనీరు కొడుకు కూడా అక్కడ "చదువుకునే జాతి" అవుతాడు. వాడి చుట్టం పిల్లవాడు పాతబస్తీలో "చదువు పట్టని జాతి". ఒకే తాత మనవళ్లు. మధ్యలో రక్తం మారిందా?

మన దేశానికి వస్తే, 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశం సగటు దాదాపు 65. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. ఈ అంకెలు చూసి మళ్లీ "చెప్పలేదా?" అన్నవాళ్లున్నారు. అదే నివేదిక ఇంకో రెండు మాటలు చెప్పింది. మదర్సాలకు పోయే ముస్లిం పిల్లలు నూటికి ముగ్గురు, నలుగురే. బడి మాన్పించేది ప్రధానంగా పేదరికం. చదువు మీద, ఆడపిల్లల చదువు మీద కూడా, ఆ ఇళ్లల్లో కోరిక బలంగా ఉంది. ఈ మాటలు ఎవరికీ గుర్తులేవు.

ఇక్కడ నేను మా ఇంటి తప్పు కూడా చెప్పాలి. నాకు గుణింతాలు దిద్దించిన ఆపాను అబ్బా ఐదో తరగతితో ఆపేశాడు. హైస్కూలు నాలుగు మైళ్ల దూరం. వయసొచ్చిన పిల్ల, పరదా, నలుగురి మాట. బడి ఊళ్లోనే ఉంటే పంపేవాడినని తర్వాత అన్నాడు. అనడం తేలిక. ఆపా నాకంటే తెలివైంది. నా పదో తరగతి ఫలితం వచ్చిన రోజు అందరికంటే ముందు ఏడ్చింది ఆమే. అది సంతోషమే అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. మన పెద్దల్లో, మన మౌల్వీసాబ్‌లలో ఆడపిల్ల చదువు మీద సాకులు వెతికినవాళ్లు ఉన్నారు. దాన్ని మనమే అనాలి, గట్టిగా అనాలి. అట్లాగే నాలుగు మైళ్ల దూరంలో హైస్కూలు పెట్టిన సర్కారును కూడా అనాలి. ఒకటి అని రెండోది వదిలితే అది నింద అవుతుంది, చరిత్ర కాదు.

అవకాశం వచ్చినచోట మనవాళ్లు ఏం చేశారో కూడా చరిత్రే. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కాలేజీ నిలబెట్టారు. కరువు సీమలో ఎన్ని ముస్లిం ఇళ్లకు, ముస్లిమేతరుల ఇళ్లకు అది మొదటి డిగ్రీ ఇచ్చిందో. 2016లో తెలంగాణలో 71 మైనారిటీ గురుకులాలు మొదలై, రెండు మూడేళ్లలో 204 అయ్యాయి. దాదాపు సగం ఆడపిల్లలవి. ఆటో తోలేవాళ్లు, మెకానిక్కులు, పండ్లబండి వాళ్లు దరఖాస్తులు పట్టుకొని తిరిగారు. గురుకులంలో సాయంత్రం చదువు బడిలోనే, టీచరు కళ్లముందే జరుగుతుంది. నాన్నకు ఏ లిపి వచ్చు, ఇంట్లో ఎన్ని గదులున్నాయి, అమ్మ బీడీలు చుడుతుందా అన్నవి అక్కడ పిల్లవాడి మార్కుల్లోకి రావు.

హోంవర్కు చిన్నపిల్లలకు వద్దన్నది నేను కొత్తగా చెప్తున్న మాట కాదు. ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో బడి సంచుల బరువు గురించి మాట్లాడారు. ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లో ప్రాథమిక తరగతులకు ఇంటిపని ఇవ్వొద్దన్నది. ఇస్తే తన ఇంటినీ పరిసరాలనూ తెలుసుకునే పనే ఇవ్వమన్నది. 2020 నాటి జాతీయ బడి సంచి విధానం రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది, ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దంది. అయినా సందుకొక ఇంగ్లీషు మీడియం బడి, ఒకటో తరగతి డైరీలో నాలుగు సబ్జెక్టుల ఇంటిపని. ఆ ఏడాదే కరోనా మూసివేతలో ఆ పని ఫోనులోకి వచ్చింది. ఒక్క ఫోను అబ్బా జేబులో ఆటోతో పాటు తిరుగుతుంటే, ఇంట్లో ముగ్గురు పిల్లలు. అప్పుడూ విన్నాం, "వాళ్లకు శ్రద్ధ లేదు."

లౌకికవాద మిత్రులకు ఒక మాట. మీరు మమ్మల్ని తిట్టరు, జాలిపడతారు. "పాపం, వాళ్లల్లో చైతన్యం రావాలి" అంటారు. మా అబ్బాకు చైతన్యం తక్కువై వేలిముద్ర వేయలేదు. తన అక్షరాన్ని కోడిగీతలని నవ్విన చోట దాన్ని రెండోసారి పెట్టడం ఇష్టంలేక వేశాడు. మీలో టీచర్లున్నారు. రేపు తరగతిలో ఒక పిల్లవాడు హోంవర్కు రాయకుండా వస్తే, వాడి పేరు చూడకముందు వాణ్ణి అడగండి. రాత్రి కరెంటుందా, ఇంట్లో ఎవరికి ఏ భాష చదవడం వచ్చు, సాయంత్రం వాడు ఎక్కడ పనిచేశాడు అని. జవాబు విని, ఆ పేజీ బడిలోనే మీ దగ్గర కూర్చోబెట్టి రాయించండి. అది మీ పని.

2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. దానివల్ల ఎంత మేలు జరిగిందన్నది వేరే చర్చ. ఆ వార్త పేపర్లో చదివిన రోజు పాత ట్రంకుపెట్టె తెరిచాను. మార్కుల కార్డు ఉంది. మూడు నెలల గడిలో పెన్సిలుతో పెట్టిన ఉర్దూ సంతకం దాదాపు చెరిగిపోయింది. ఆరు నెలల గడిలో వేలిముద్ర గీతలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆపాకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, చెరిగిన సంతకం మీద వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు మెల్లగా చదివింది. ఉర్దూ చదవడం పెళ్లయ్యాక తనంతట తాను నేర్చుకుందట. యాభై ఏళ్లలో నేను అడగలేదు.